రష్యాలో ఒకే పేరు గల పట్టణాలు, గ్రామాలు: పుట్టుక, చరిత్ర, గుర్తించే విధానం

రష్యాలో 'రోస్తోవ్' అనే పేరుతో రెండు నగరాలు ఉన్నాయి. ఒకటి మాస్కోకు ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, నేరో సరస్సు ఒడ్డున ఉన్న ప్రాచీన పట్టణం. రెండవది మాస్కోకు దక్షిణంగా సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, దోన్ నది ఒడ్డున ఉన్న మహానగరం. మొదటి దానిలో జనాభా దాదాపు 30 వేలు. రెండవ దానిలో పది లక్షలకు పైమాటే. టికెట్టు కొనేవారు, ఉత్తరం పంపేవారు, విశ్వవిద్యాలయంలో చేరబోయేవారు ఈ రెండింటిలో ఏది తమ గమ్యమో ముందుగానే తేల్చుకోవలసి ఉంటుంది.

ఇది ఒక్క రోస్తోవ్‌కే పరిమితమైన విషయం కాదు. నోవ్‌గొరొద్, కీరోవ్, సోవెత్స్క్, మీర్నీ, ఓజ్యోర్స్క్, జెలెజ్నొగోర్స్క్, జరేచ్నీ వంటి పేర్లు రష్యా పటంలో రెండేసి, మూడేసి చోట్ల కనిపిస్తాయి. ఇక గ్రామాల విషయానికి వస్తే ఒకే పేరు పదుల సంఖ్యలో పునరావృతమవుతుంది. ఈ పునరావృతం వెనుక మధ్యయుగపు వలసలు, చర్చిల పండుగలు, సోవియట్ రాజకీయాలు, సైనిక రహస్యాలు ఉన్నాయి.

పేర్ల సంఖ్య ఎంత, ఊళ్ల సంఖ్య ఎంత

2010 జనాభా లెక్కల ప్రకారం రష్యాలో 1.53 లక్షలకు పైగా గ్రామీణ నివాస ప్రాంతాలు ఉన్నాయి. వాటిలో 19 వేలకు పైగా గ్రామాలలో ఒక్క నివాసి కూడా లేరు. అయినా వాటి పేర్లు జాబితాలలో కొనసాగుతూనే ఉన్నాయి. పట్టణాలు, నగరాలు కలిపి 1,100కు పైగా ఉన్నాయి. ఇన్ని ఊళ్లకు పేరు పెట్టేటప్పుడు జనం ఎంచుకున్న ఆధారాలు మాత్రం కొన్నే. అందువల్లనే అవే పేర్లు తిరిగి తిరిగి వచ్చాయి.

రష్యన్ భాషలో ఊరి రకాన్ని బట్టి దానిని పిలిచే పదం మారుతుంది. 'గోరద్' అంటే పట్టణం లేక నగరం. 'సెలో' అంటే సంప్రదాయంగా చర్చి ఉన్న పెద్ద గ్రామం. 'దెరేవ్న్యా' అంటే చర్చి లేని చిన్న గ్రామం. 'స్తనీత్స' అంటే కొసాక్కుల గ్రామం. 'ఖూతర్' అంటే కొన్ని ఇళ్ల పొలం పల్లె. చిరునామాలో ఈ పదం ఊరి పేరుకు ముందు వస్తుంది. ఒకే పేరు గల రెండు ఊళ్లలో ఒకటి సెలో, మరొకటి దెరేవ్న్యా అయితే, ఈ ఒక్క పదమే వాటిని వేరు చేస్తుంది.

గ్రామాల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి

రష్యాలో అత్యధికంగా పునరావృతమయ్యే గ్రామ నామాలలో అలెక్సాంద్రొవ్క, మిఖాయిలొవ్క, నికొలాయెవ్క, ఇవానొవ్క, పెత్రొవ్క, బెర్యోజొవ్క ముఖ్యమైనవి. వీటి మూలాలను స్థూలంగా నాలుగు వర్గాలుగా చెప్పవచ్చు.

మొదటిది చర్చి. గ్రామంలోని చర్చి ఏ పరిశుద్ధునికి లేదా ఏ పండుగకు అంకితమైతే ఆ పేరే ఊరికి వచ్చేది. ప్రధాన దూత మిఖాయిల్ పేరిట చర్చి ఉంటే మిఖాయిలొవ్క, పరిశుద్ధ నికొలాయ్ పేరిట ఉంటే నికొలాయెవ్క లేదా నికోల్స్కొయె. త్రిత్వం పేరిట త్రోయిత్స్కొయె, దేవమాత రక్షణ పండుగ పేరిట పొక్రొవ్క, దేవమాత నిర్యాణ పండుగ పేరిట ఉస్పేన్క, పునరుత్థానం పేరిట వొస్క్రెసేన్స్కొయె, రక్షకుని పేరిట స్పాస్స్కొయె ఏర్పడ్డాయి. దేశమంతటా పండుగలు అవే, పరిశుద్ధులు వారే. కనుక ఊళ్ల పేర్లూ అవే అయ్యాయి.

రెండవది భూస్వామి. సెర్ఫ్ వ్యవస్థ ఉన్న కాలంలో జమీందారు తన పేరునో, తన కుమారుని లేదా కుమార్తె పేరునో కొత్త గ్రామానికి పెట్టేవాడు. అలెక్సాంద్రొవ్క అన్న పేరు ఒక ఊరికి పరిశుద్ధుని వల్ల, మరొక ఊరికి జమీందారు వల్ల, ఇంకొక ఊరికి జార్ చక్రవర్తి గౌరవార్థం వచ్చి ఉండవచ్చు. పేరు ఒకటే అయినా కారణం ఒకటే కానక్కరలేదు.

మూడవది ప్రకృతి. బెర్యోజ అనే భూర్జ వృక్షం నుంచి బెర్యోజొవ్క, సొస్న అనే దేవదారు జాతి వృక్షం నుంచి సొస్నొవ్క, రాయి అనే అర్థం గల పదం నుంచి కామెన్క వచ్చాయి. ఉత్తర అడవుల నుంచి సైబీరియా వరకు భూర్జ వృక్షాలు లేని ప్రాంతం అరుదు. అందుచేత బెర్యోజొవ్కలు కూడా అంతటా ఉన్నాయి.

నాలుగవది వలస. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం ఆరంభంలో లక్షల మంది రైతులు పశ్చిమ ప్రాంతాల నుంచి సైబీరియాకు, స్తెప్ భూములకు తరలి వెళ్లారు. 1906లో ప్రారంభమైన స్తొలీపిన్ భూసంస్కరణలు ఈ వలసను వేగవంతం చేశాయి. వారు తమ సొంత ఊరి పేరును కొత్త ఊరికి పెట్టుకున్నారు. ఓమ్స్క్ ప్రాంతంలోని పొల్తావ్క పేరు ఉక్రెయిన్‌లోని పొల్తావా నుంచి వచ్చిన వలసదారులది. పక్కపక్కనే అదే పేరుతో రెండు ఊళ్లు ఏర్పడినప్పుడు 'నొవొ' అంటే కొత్త, 'స్తారొ' అంటే పాత, 'బల్షోయె' అంటే పెద్ద, 'మాలొయె' అంటే చిన్న, 'వేర్ఖ్‌నె' అంటే ఎగువ, 'నీజ్నె' అంటే దిగువ అనే మాటలను జోడించారు. తెలుగు నాట ఒకే పేరు గల పల్లెలకు 'పెద్ద', 'చిన్న', 'పాత', 'కొత్త' చేర్చే పద్ధతికి ఇది సరిగ్గా సమానమైనది. కొన్ని రష్యన్ జిల్లాలలో 'మొదటి', 'రెండవ' అనే సంఖ్యలతోనే గ్రామాలను వేరు చేస్తారు.

నదులతో సహా తరలిన పేర్లు

ఊరి పేరు వలసతో పాటు తరలడం రష్యా చరిత్రలో ఎంత పాతదో పెరెయాస్లావ్ల్ ఉదాహరణ చెబుతుంది. ఈ పేరుతో మధ్యయుగంలో మూడు పట్టణాలు ఉండేవి. మొదటిది నేటి ఉక్రెయిన్‌లో ఉంది. రెండవ దానిని యూరీ దొల్గొరూకీ 1152లో ఈశాన్య రష్యాలో స్థాపించాడు. 'అడవులకు ఆవలిది' అనే అర్థంలో దానిని పెరెస్లావ్ల్-జలేస్కీ అంటారు. మూడవది పెరెయాస్లావ్ల్-ర్యజాన్‌స్కీ. ఈ మూడు పట్టణాల గుండా ప్రవహించే నది పేరు కూడా త్రూబెజ్ కావడం విశేషం. దక్షిణం నుంచి ఉత్తరానికి తరలి వచ్చినవారు ఊరి పేరుతో పాటు నది పేరును కూడా తీసుకొచ్చారన్నది దీని నుంచి చరిత్రకారులు తీసుకునే నిర్ధారణ. కీవ్‌లో లీబెద్ అనే వాగు ఉంది. వ్లదీమిర్, ర్యజాన్ నగరాలలోనూ అదే పేరుతో వాగులు ఉన్నాయి.

మూడవ పెరెయాస్లావ్ల్ కథ ఇంకా లోతైనది. అసలు ర్యజాన్ నగరాన్ని 1237 డిసెంబరులో బాతు ఖాన్ సేనలు ధ్వంసం చేశాయి. అది మళ్లీ కోలుకోలేదు. ఆ రాజ్యానికి కేంద్రం సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని పెరెయాస్లావ్ల్-ర్యజాన్‌స్కీకి మారింది. 1778లో రెండవ కేథరీన్ కాలంలో ఆ పట్టణానికే ర్యజాన్ అనే పేరు పెట్టారు. నేడు ర్యజాన్ అనే నగరం ఉన్న చోటు వేరు, మంగోలులు తగులబెట్టిన ర్యజాన్ వేరు. పాత స్థలాన్ని 'పాత ర్యజాన్' అంటారు. అక్కడ ఇప్పుడు పురావస్తు తవ్వకాల ప్రాంతం మాత్రమే ఉంది.

నోవ్‌గొరొద్ విషయం కూడా ఇటువంటిదే. ఆ పేరుకు 'కొత్త పట్టణం' అని అర్థం. కాని వోల్ఖొవ్ నదిపై ఉన్న నోవ్‌గొరొద్ ప్రస్తావన ప్రాచీన వృత్తాంతాలలో 9వ శతాబ్దానికే కనిపిస్తుంది. 1221లో రాకుమారుడు యూరీ వ్సెవొలోదొవిచ్ వోల్గా, ఒకా నదుల సంగమం వద్ద మరొక 'కొత్త పట్టణాన్ని' స్థాపించాడు. దిగువ భూములలోనిది కనుక అది నిజ్నీ నోవ్‌గొరొద్ అయింది. 1932లో రచయిత మక్సీమ్ గోర్కీ గౌరవార్థం దానికి గోర్కీ అని పేరు మార్చారు. 1990లో పాత పేరు తిరిగి వచ్చింది. దానితో దేశంలో రెండు నోవ్‌గొరొద్‌లు మళ్లీ ఎదురెదురుగా నిలిచాయి. 1999లో పాత నోవ్‌గొరొద్ పేరును అధికారికంగా వెలీకీ నోవ్‌గొరొద్, అంటే మహా నోవ్‌గొరొద్, అని మార్చారు.

రోస్తోవ్‌కు రోస్తోవ్ నుంచే పేరు

రెండు రోస్తోవ్‌ల మధ్య ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. నేరో సరస్సు ఒడ్డున ఉన్న రోస్తోవ్ ప్రస్తావన 862 నాటి వృత్తాంతంలో ఉంది. అక్కడి మెత్రపాలితుడు, అంటే ప్రధాన మతాధికారి అయిన ద్మీత్రీ 1709లో మరణించాడు. 1757లో ఆయనను చర్చి పరిశుద్ధుల శ్రేణిలో చేర్చింది. సరిగ్గా అదే కాలంలో, 1749లో స్థాపించిన సుంకపు కేంద్రం దగ్గర దోన్ నది ఒడ్డున ఒక కోటను కట్టారు. 1761లో దానికి 'రోస్తోవ్‌కు చెందిన పరిశుద్ధ ద్మీత్రీ కోట' అని పేరు పెట్టారు. కాలక్రమంలో పరిశుద్ధుని పేరు జారిపోయి ఊరి పేరు మిగిలింది. ఆ విధంగా ఉత్తరాది పట్టణం పేరు దక్షిణాది మహానగరానికి సంక్రమించింది.

ఇక్కడ కొత్తవారిని తికమకపెట్టే మరొక అంశం ఉంది. 'రోస్తోవ్ ఒబ్లాస్త్' అంటే దోన్ నది ఒడ్డున ఉన్న నగరం రాజధానిగా గల ప్రాంతం. 'రోస్తోవ్ జిల్లా' అంటే మాత్రం యరొస్లావ్ల్ ప్రాంతంలోని పాత రోస్తోవ్ చుట్టూ ఉన్నది. 'నోవ్‌గొరొద్ ఒబ్లాస్త్' వెలీకీ నోవ్‌గొరొద్‌ది. 'నిజ్నీ నోవ్‌గొరొద్ ఒబ్లాస్త్' వేరు. స్థానికులు మాటలోనే తేడా చూపిస్తారు. దోన్ రోస్తోవ్ నివాసులను 'రస్తోవ్‌చానె' అని, పాత రోస్తోవ్ నివాసులను 'రస్తోవ్‌త్సి' అని పిలుస్తారు.

సోవియట్ కాలం: నాయకుని పేరు, ఊరి పేరు

1917 తరువాత పేర్ల పునరావృతానికి కొత్త కారణం వచ్చింది. విప్లవ నాయకుల పేర్లను, విప్లవ సంకేతాలను దేశమంతటా ఊళ్లకు పెట్టారు. 'సోవియట్', 'అక్టోబరు', 'ఎర్ర', 'మే డే' అనే మాటలతో వందల ఊళ్లు వెలిశాయి. అయితే 'క్రాస్న' అనే మాట ఉన్న ప్రతి పేరూ సోవియట్ కాలానిది కాదు. పాత రష్యన్‌లో ఆ మాటకు 'అందమైన' అనే అర్థం ఉండేది. సెయింట్ పీటర్స్‌బర్గ్ వద్ద ఉన్న క్రాస్నొయె సెలో పేరు విప్లవం కంటే ఎంతో ముందుది.

1934 డిసెంబరు 1న లెనిన్‌గ్రాద్‌లో సెర్గేయ్ కీరోవ్ హత్యకు గురయ్యాడు. అదే నెలలో ఆయన స్వస్థలానికి సమీపంలోని వ్యాత్క నగరానికి కీరోవ్ అని పేరు మార్చారు. ఉత్తరాన ఖిబీనొగోర్స్క్ కీరోవ్‌స్క్ అయింది. 1936లో కలూగ ప్రాంతంలోని పెసోచ్న్య కూడా కీరోవ్ అయింది. తరువాత నేవా నది ఒడ్డున మరొక కీరోవ్‌స్క్ ఏర్పడింది. ఇప్పటికీ రెండు కీరోవ్‌లు, రెండు కీరోవ్‌స్క్‌లు ఉన్నాయి. ఉత్తరాన ఉన్న కీరోవ్‌స్క్ అపటైట్ గనులకు పేరొందింది. నేవా ఒడ్డున ఉన్న కీరోవ్‌స్క్ పరిసరాలు లెనిన్‌గ్రాద్ ముట్టడి కాలంలో ఘోర యుద్ధాలకు వేదిక అయ్యాయి.

సోవెత్స్క్ అనే పేరుతో మూడు పట్టణాలు ఉన్నాయి. కీరోవ్ ప్రాంతంలోని సోవెత్స్క్ పాత పేరు కుకార్క. విదేశాంగ మంత్రిగా పనిచేసిన వ్యాచెస్లావ్ మోలొతొవ్ 1890లో అక్కడే జన్మించాడు. తూల ప్రాంతంలోని సోవెత్స్క్ బొగ్గు గనుల పట్టణం. కాలినిన్‌గ్రాద్ ప్రాంతంలోని సోవెత్స్క్ పూర్వనామం తిల్జిత్. 1807లో నెపోలియన్, మొదటి అలెగ్జాండర్ చక్రవర్తి సంధి చేసుకున్నది ఆ పట్టణంలోనే. చరిత్ర పుస్తకంలో తిల్జిత్ గురించి చదివినవారు నేటి పటంలో ఆ పేరు వెతికితే కనిపించదు. సోవెత్స్క్ అని వెతికితే మూడు కనిపిస్తాయి.

కాలినిన్‌గ్రాద్ విషయంలో యాభై ఏళ్ల పాటు రెండు నగరాలు ఒకే పేరుతో ఉన్నాయి. మాస్కో శివారులోని పారిశ్రామిక పట్టణానికి 1938లో కాలినిన్‌గ్రాద్ అని పేరు పెట్టారు. మిఖాయిల్ కాలినిన్ 1946 జూన్‌లో మరణించగా, యుద్ధంలో జర్మనీ నుంచి సంక్రమించిన కోనిగ్స్‌బర్గ్‌కు అదే సంవత్సరం జులైలో కాలినిన్‌గ్రాద్ అని పేరు పెట్టారు. మరొకవైపు త్వేర్ నగరం 1931 నుంచి 1990 వరకు కాలినిన్ అనే పేరుతో ఉంది. సోవియట్ అంతరిక్ష నియంత్రణ కేంద్రం ఉన్నది మాస్కో దగ్గరి కాలినిన్‌గ్రాద్‌లోనే గాని, బాల్టిక్ తీరంలోని నగరంలో కాదు. 1996లో రాకెట్ శాస్త్రవేత్త సెర్గేయ్ కొరొల్యోవ్ గౌరవార్థం మాస్కో శివారు పట్టణానికి కొరొల్యోవ్ అని పేరు మార్చడంతో ఈ ద్వంద్వం ముగిసింది.

ఒకే పేరు గల రెండు ఊళ్లకు ఇద్దరు వేర్వేరు వ్యక్తుల పేర్లు ఉన్న సందర్భం కూడా ఉంది. బ్ర్యాన్స్క్ ప్రాంతంలోని ఫోకినొ పేరు ఇగ్నాత్ ఫోకిన్ అనే స్థానిక విప్లవకారునిది. పసిఫిక్ తీరంలోని నౌకాదళ పట్టణమైన ఫోకినొ పేరు అడ్మిరల్ వితాలీ ఫోకిన్‌ది. ఇద్దరి ఇంటిపేరు ఒకటి కావడం వల్ల దేశం రెండు అంచులలో ఒకే పేరు నిలిచింది.

పేర్లు వచ్చినంత వేగంగా పోయాయి కూడా. బ్రతికి ఉన్న నాయకుల పేర్లను ఊళ్లకు పెట్టరాదని 1957 సెప్టెంబరులో సోవియట్ ప్రభుత్వం ఆదేశించింది. అప్పటికి మోలొతొవ్ అనే పేరుతో ఉన్న నగరం తిరిగి పెర్మ్ అయింది. మోలొతొవ్‌స్క్ అనే పేరు గల రెండు పట్టణాలలో ఒకటి సెవెరొద్వీన్స్క్‌గా, మరొకటి నొలీన్స్క్‌గా మారాయి. 1961లో స్తాలిన్‌గ్రాద్ వోల్గొగ్రాద్‌గా, స్తాలిన్‌స్క్ నొవొకుజ్నేత్స్క్‌గా, స్తాలినొగోర్స్క్ నొవొమొస్కోవ్‌స్క్‌గా మారాయి. ఆ కాలపు జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు చేతిలో ఉన్నవారు తమ పుట్టిన ఊరు నేటి పటంలో ఏ పేరుతో ఉందో విడిగా తెలుసుకోవలసి వచ్చింది.

రహస్య నగరాలు, మారు పేర్లు

అణ్వాయుధాలు, క్షిపణుల తయారీ కోసం నిర్మించిన నగరాలను సోవియట్ పటాలలో చూపేవారు కాదు. వాటికి సమీపంలోని పెద్ద నగరం పేరుకు ఒక సంఖ్య చేర్చి తపాలా పేరుగా వాడేవారు. చెల్యాబీన్స్క్-65, క్రస్నొయార్స్క్-26, పేన్జ-19 అటువంటివి. 1990ల ఆరంభంలో ఇవి వెలుగులోకి వచ్చినప్పుడు, వాటి అసలు పేర్లు అప్పటికే ఇతర పట్టణాలకు ఉన్నవని తేలింది.

క్రస్నొయార్స్క్-26 నేడు జెలెజ్నొగోర్స్క్. 1950లో నిర్మాణం ఆరంభమైన ఈ నగరంలో ప్లుటోనియం ఉత్పత్తి చేసేవారు. దాని చిహ్నంపై అణువును చీలుస్తున్న ఎలుగుబంటి ఉంటుంది. కూర్స్క్ ప్రాంతంలోని జెలెజ్నొగోర్స్క్ మాత్రం 1957లో ఇనుప ఖనిజ గని కోసం ఏర్పడింది. పేన్జ-19 నేడు జరేచ్నీ. 'నదికి ఆవలిది' అని దాని అర్థం. యూరల్ ప్రాంతంలో బెలొయార్స్క్ అణు విద్యుత్ కేంద్రం ఉన్న పట్టణం పేరు కూడా జరేచ్నీయే. రెండూ అణు పరిశ్రమకు చెందినవే కావడం గమనార్హం.

ఈ గోప్యతకు ప్రజలు చెల్లించిన మూల్యానికి ఓజ్యోర్స్క్ ఉదాహరణ. ఓజ్యోర్స్క్ అనే పేరుతో కాలినిన్‌గ్రాద్ ప్రాంతంలో ఒక చిన్న పట్టణం ఉంది. చెల్యాబీన్స్క్ ప్రాంతంలోని ఓజ్యోర్స్క్‌లో మాయాక్ అణు సముదాయం ఉంది. 1957 సెప్టెంబరు 29న అక్కడ అణు వ్యర్థాల ట్యాంకు పేలి, రేడియోధార్మిక పదార్థం విస్తారమైన ప్రాంతంపై పడింది. అనేక గ్రామాలను ఖాళీ చేయించారు. కాని ఆ నగరం పటంలో లేదు. అందుచేత ఆ ప్రమాదం ప్రపంచానికి సమీప పట్టణమైన కిష్తీమ్ పేరుతో తెలిసింది. సోవియట్ ప్రభుత్వం దానిని బహిరంగంగా అంగీకరించింది 1989లో. కిష్తీమ్‌లో జరగని ప్రమాదానికి ఆ ఊరి పేరే చరిత్రలో స్థిరపడింది.

'మీర్నీ' అంటే శాంతియుతమైనది అని అర్థం. యకూతియాలోని మీర్నీ వజ్రాల గనికి ప్రసిద్ధి. అక్కడి మీర్ వజ్రనిక్షేపాన్ని 1955లో కనుగొన్నారు. దాని పైకప్పు లేని గని 500 మీటర్లకు పైగా లోతున్నది. అర్ఖాంగెల్‌స్క్ ప్రాంతంలోని మీర్నీ ప్లెసేత్స్క్ అంతరిక్ష కేంద్రపు నివాస పట్టణం. ఆ కేంద్రం 1957లో ఖండాంతర క్షిపణుల స్థావరంగా మొదలైంది. 1966లో బ్రిటన్‌లోని కెటరింగ్ పాఠశాలలో ఉపాధ్యాయుడు జెఫ్రీ పెర్రీ, ఆయన విద్యార్థులు కోస్మొస్-112 ఉపగ్రహ కక్ష్యను లెక్కగట్టి అక్కడొక ప్రయోగ కేంద్రం ఉన్నదని గుర్తించారు. సోవియట్ ప్రభుత్వం దాని ఉనికిని 1983లో గాని ఒప్పుకోలేదు.

భారతీయులకు బాగా తెలిసిన బైకొనూర్ కూడా ఈ కోవలోనిదే. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ ప్రయాణం ఆరంభమైంది కజఖ్‌స్తాన్‌లోని త్యురతామ్ రైల్వే స్టేషన్ సమీపం నుంచి. కాని ప్రయోగ స్థలంగా సోవియట్ అధికారులు ప్రకటించిన బైకొనూర్ అక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని ఒక గని గ్రామం. ఉద్దేశపూర్వకంగా ఇచ్చిన తప్పుడు పేరు క్రమంగా అసలు పేరుగా మారింది. కేంద్రం పక్కన ఉన్న లెనిన్‌స్క్ నగరానికి 1995లో అధికారికంగా బైకొనూర్ అని పేరు పెట్టారు. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ టి-11 నౌకలో బయలుదేరింది ఇక్కడి నుంచే.

యుద్ధ స్మృతి, పోలిన పేర్లు

పేర్ల పోలిక కుటుంబాల దుఃఖంతోనూ ముడిపడి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించిన సోవియట్ సైనికుల పత్రాలలో పుట్టిన ఊరు, ఖననం చేసిన ఊరు రాసి ఉంటాయి. అవి మిఖాయిలొవ్క, బెర్యోజొవ్క వంటి పేర్లయితే ప్రాంతం, జిల్లా, గ్రామ సోవియట్ వివరాలు లేకుండా సమాధిని గుర్తించడం అసాధ్యం. రష్యా రక్షణ శాఖ 2007లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చిన 'మెమొరియల్' సమాచార నిధిలో వెతికేవారికి ఈ వివరాలే ఆధారం. యుద్ధానంతరం మారిన జిల్లా సరిహద్దులు, మారిన ఊళ్ల పేర్లు ఈ అన్వేషణను మరింత కష్టతరం చేస్తాయి.

కతీన్, ఖతీన్ అనే రెండు పేర్లను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రష్యాలోని స్మొలేన్స్క్ సమీపంలో ఉన్న కతీన్‌లో 1940లో సోవియట్ రహస్య పోలీసులు వేలాది పోలండ్ అధికారులను కాల్చి చంపారు. ఆ బాధ్యతను మాస్కో 1990 ఏప్రిల్‌లో అంగీకరించింది. ఖతీన్ బెలారస్‌లోని గ్రామం. 1943 మార్చి 22న నాజీ సేనలు ఆ గ్రామాన్ని తగులబెట్టి 149 మందిని చంపాయి. వినడానికి దగ్గరగా ఉన్నా ఇవి వేర్వేరు ఘటనలు, హంతకులు వేరు, మృతులు వేరు. వార్తలు రాసేవారు, చదివేవారు ఈ రెండింటినీ కలపకుండా జాగ్రత్త వహించాలి.

పరదేశపు పేర్లు గల పల్లెలు

రష్యాలో పారిస్ కూడా ఉంది. చెల్యాబీన్స్క్ ప్రాంతంలోని పరీజ్ అనే గ్రామం నగయ్‌బాక్ కొసాక్కులది. నెపోలియన్‌పై యుద్ధంలో రష్యా సేనలు పారిస్ వరకు సాగిన జ్ఞాపకంగా 19వ శతాబ్దంలో ఆ పేరు పెట్టారు. అక్కడి మొబైల్ టవరును ఐఫిల్ టవరు ఆకారంలో నిర్మించారు. అదే ప్రాంతంలో బెర్లిన్, లైప్జిగ్, వార్న అనే గ్రామాలు కూడా ఉన్నాయి. మాస్క్వా అనే పేరుతో త్వేర్, ప్స్కోవ్, కీరోవ్ ప్రాంతాలలో పల్లెలు ఉన్నాయి. మాస్కోలో పుట్టానని వారు చెబితే అది అక్షరాలా నిజం.

ఏది ఏ ఊరో ఎలా గుర్తించాలి

రష్యాలో ఊళ్ల పేర్లను నమోదు చేసే విధానాన్ని 1997 డిసెంబరులో చేసిన భౌగోళిక నామాల సమాఖ్య చట్టం నిర్దేశిస్తుంది. దాని ప్రకారం పేర్ల ప్రభుత్వ జాబితాను నిర్వహిస్తారు. పాత పేర్లను మార్చి పునరావృతాన్ని పూర్తిగా తొలగించే ప్రయత్నం జరగలేదు. బదులుగా కొన్ని అదనపు గుర్తులతో ఊళ్లను వేరు చేస్తారు.

మొదటి గుర్తు నది. రోస్తోవ్-నా-దొను అంటే దోన్ నదిపై ఉన్న రోస్తోవ్. కొమ్సొమోల్స్క్-నా-అమూరె అంటే అమూర్ నదిపై ఉన్న కొమ్సొమోల్స్క్. ఇవానొవొ ప్రాంతంలోని చిన్న పట్టణం ఉత్త కొమ్సొమోల్స్క్. రెండవ గుర్తు ప్రాంతం లేదా వృత్తి. కామెన్స్క్-ఉరాల్‌స్కీ యూరల్ పర్వత ప్రాంతంలోనిది, కామెన్స్క్-షాఖ్తిన్‌స్కీ దక్షిణాది బొగ్గు గనుల ప్రాంతంలోనిది.

మూడవ గుర్తు రైల్వే స్టేషన్ పేరు. పాత రోస్తోవ్ స్టేషన్ పేరు రోస్తోవ్-యరొస్లావ్‌స్కీ. దోన్ రోస్తోవ్ ప్రధాన స్టేషన్ పేరు రోస్తోవ్-గ్లావ్నీ. వెలీకీ నోవ్‌గొరొద్ స్టేషన్ పేరు నోవ్‌గొరొద్-నా-వోల్ఖొవె. కలూగ ప్రాంతంలోని కీరోవ్‌కు వెళ్లేవారు దిగవలసిన స్టేషన్ పేరు ఫయాన్సొవయ. అక్కడి పింగాణీ కర్మాగారం నుంచి ఆ పేరు వచ్చింది.

నాలుగవది సంఖ్య. సోవియట్ యూనియన్ 1971లో ఆరంకెల తపాలా సూచికను ప్రవేశపెట్టింది. భారతదేశం 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్ కోడ్‌ను ప్రవేశపెట్టడానికి గల కారణాలలో ఒకే పేరు గల ఊళ్ల సమస్య కూడా ఉంది. వాహనాల నంబరు పలకపై ఉండే ప్రాంతీయ సంఖ్య కూడా తేడా తెలుపుతుంది. 61 అంటే రోస్తోవ్ ఒబ్లాస్త్, 76 అంటే యరొస్లావ్ల్. 52 నిజ్నీ నోవ్‌గొరొద్, 53 నోవ్‌గొరొద్. 43 కీరోవ్ ఒబ్లాస్త్, 40 కలూగ.

వెలీకీ నోవ్‌గొరొద్, నిజ్నీ నోవ్‌గొరొద్, రోస్తోవ్-నా-దొను నగరాలలోని విశ్వవిద్యాలయాలలో భారతీయ విద్యార్థులు వైద్య విద్య అభ్యసిస్తున్నారు. అక్కడికి పిల్లలను పంపే తల్లిదండ్రులు ప్రవేశ పత్రంలో నగరం పూర్తి పేరు, ఒబ్లాస్త్ పేరు, ఆరంకెల సూచిక మూడూ ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. టికెట్టుపై స్టేషన్ లేదా విమానాశ్రయం పేరు ఆ వివరాలతో సరిపోవాలి. ఉత్త 'నోవ్‌గొరొద్' అనో, ఉత్త 'రోస్తోవ్' అనో రాసిన చిరునామాను పూర్తి చిరునామాగా భావించరాదు. నిజ్నీ నోవ్‌గొరొద్ మాస్కోకు తూర్పున సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉంటే, వెలీకీ నోవ్‌గొరొద్ మాస్కోకు వాయవ్యంగా, సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు దగ్గరలో ఉంది. ఒక చోటికి బదులు మరొక చోట దిగినవారు తిరిగి మాస్కో మీదుగానే ప్రయాణించవలసి వస్తుంది.